ఇంటి గేటు నుంచి డిక్కీ దాకా: ఫ్యామిలీ ఎస్‌యూవీల సైజు, లోపలి చోటు పోల్చి చూసే పద్ధతి

విజయవాడలో ప్రసాదంపాడు, ఎనికేపాడు మీదుగా వెళ్లే హైవే పక్కన ఒక పూట తిరిగితే మార్కెట్లో ఉన్న ఫ్యామిలీ ఎస్‌యూవీలు దాదాపు అన్నీ చూసేయొచ్చు. ఏ షోరూంలో అడిగినా "ఈ రేటులో ఇంత చోటున్న బండి ఇంకోటి లేదు సార్" అనే అంటారు. బయటికి భారీగా కనిపించే బండి లోపల ఇరుకుగా ఉండొచ్చు. చిన్నదనుకుని పక్కన పెట్టేసిన బండిలో నాయనమ్మ హాయిగా కాళ్లు చాపుకుని కూర్చోవచ్చు. లక్షలు పోసి కొని, ఏడెనిమిదేళ్లు వాడే వస్తువుని కంటి అంచనా మీద ఎంచుకోవడం మంచిది కాదు.

బండిని ఇంకో బండితో పోల్చే ముందు మీ ఇంటితోనూ, మీ ఇంట్లో మనుషులతోనూ పోల్చాలి. ఈ వరస తలకిందులైతే ఎన్ని వీడియోలు చూసినా తేలదు. దీనికి ఐదు మీటర్ల స్టీలు టేపు, ఒక నోటుబుక్కు ఉంటే చాలు. షోరూంకి వెళ్లే రోజున మాత్రం ఇంటిల్లిపాదీ బయల్దేరాలి.

1. ముందు మీ సందు, మీ గేటు, మీ పార్కింగ్

వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ వెనక సందుల్లో ఉండేవాళ్లకీ, గుంటూరు బ్రాడీపేట అడ్డరోడ్డులో సొంతిల్లు ఉన్నవాళ్లకీ, అమరావతి రోడ్డులో కొత్త అపార్ట్‌మెంట్‌లో దిగినవాళ్లకీ ఒకే బండి సరిపోదు. షోరూం గడప తొక్కే ముందే ఇంటి దగ్గర కొలతలు రాసుకోండి.

సందుని అన్నిటికన్నా ఇరుకైన చోట కొలవాలి. అదీ సాయంత్రం ఏడు తర్వాత, స్కూటర్లు, బైకులు వరసగా ఆగి ఉన్నప్పుడు. మధ్యాహ్నం ఖాళీ సందు కొలత ఎందుకూ పనికిరాదు. గేటుని పూర్తిగా తెరిచి, రెండు రెక్కల మధ్య మిగిలిన ఖాళీని కొలవండి. స్తంభాల మధ్య దూరం తీసుకుంటే రెక్కల మందం, గొళ్లాలు లెక్కలోకి రావు.

బ్రోచర్లో రాసే వెడల్పులో పక్క అద్దాలు ఉండవు. క్రెటా వెడల్పు 1790 మి.మీ. అని ఉంటుంది. అద్దాలు తెరిచి ఉంటే ఆ వెడల్పుకి ఇంకో 20 సెంటీమీటర్లకు తక్కువ కాకుండా కలుపుకోవాలి. అంటే సందులో అది రెండు మీటర్ల బండి. హారియర్, సఫారీ బాడీలే 1922 మి.మీ. అద్దాలతో కలిపి రెండు మీటర్లు దాటిపోతాయి. ఎదురుగా ఆటో వస్తే ఎవరు వెనక్కి వెళ్లాలో ఇక్కడే తేలిపోతుంది.

అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో పిల్లర్ల మధ్య ఖాళీ చూడండి. అది 240 సెం.మీ. ఉందనుకుందాం. 179 సెం.మీ. క్రెటా నిలబెడితే 61 మిగులుతుంది. ఒక పక్క పిల్లర్‌కి 10 సెం.మీ. వదిలితే డ్రైవర్ దిగడానికి 51. అదే చోట 192 సెం.మీ. సఫారీ పెడితే డ్రైవర్ పక్క మిగిలేది 38. సన్నగా ఉన్నవాళ్లు కూడా పక్కకి తిరిగి, ఊపిరి బిగబట్టి దిగాలి. పిల్లర్ సరిగ్గా డోర్ తెరుచుకునే చోటే వస్తే అదీ కుదరదు. బండి తలుపు తెరవడానికి కనీసం 50, పెద్దవాళ్లు దిగడానికి 70 సెం.మీ. దాకా ఖాళీ ఉండాలని నా లెక్క.

పొడవు సంగతి ఇంకా సూటిగా తేలుతుంది. నాలుగున్నర మీటర్ల పార్కింగ్ గడిలో నాలుగు మీటర్ల లోపు బండి పెడితే అర మీటరు మిగులుతుంది. సఫారీ 4668, ఎక్స్‌యూవీ 700 అయితే 4695, ఇన్నోవా హైక్రాస్ 4755, ఫార్చ్యూనర్ 4795 మి.మీ. ఇవన్నీ గీత దాటి బయటికి వస్తాయి, పక్క ఫ్లాట్ వాళ్లతో రోజూ మాట పడుతుంది. డిక్కీ డోర్ పైకి లేవడానికి వెనకాల ఇంకో ముప్పావు మీటరు కావాలి. పైన దూలం కిందికి ఉంటే అది తగులుతుందేమో కూడా చూసుకోవాలి.

సెల్లార్‌లోకి దిగే ర్యాంపు ఉంటే, ర్యాంపు పూర్తయి నేల మొదలయ్యే మలుపు ముఖ్యం. పొడవాటి బండికి అక్కడ ముందు బంపర్ కిందో, మధ్యలో పొట్ట కిందో గీసుకుంటుంది. టేపుతో తేలే విషయం కాదు ఇది, టెస్ట్ డ్రైవ్ బండితోనే చూడాలి.

2. మనుషుల కొలతలు

చాలామంది వదిలేసేది ఈ అడుగే. "మావాడు ఆరడుగులు" అని చెప్తే సరిపోదు. ఒకే ఎత్తున్న ఇద్దరిలో ఒకరికి నడుము పైభాగం పొడవు, ఇంకొకరికి కాళ్లు పొడవు. మొదటివాడి తల రూఫ్‌కి తగులుతుంది, రెండోవాడి మోకాళ్లు ముందు సీటుకి తగులుతాయి.

గట్టి కుర్చీని గోడకి ఆనించి వేయండి. మనిషిని వీపు గోడకి ఆనేలా కూర్చోబెట్టి మూడు కొలతలు తీయండి. సీటు నుంచి నడినెత్తి దాకా ఒకటి. గోడ నుంచి మోకాలి చిప్ప చివరిదాకా రెండోది. రెండు భుజాల బయటి అంచుల మధ్య వెడల్పు మూడోది. సుమారు 170 సెం.మీ. పొడవున్న మగవాళ్లలో ఇవి ఎక్కువగా 88, 58, 45 సెం.మీ. చుట్టుపక్కల ఉంటాయి. మీ ఇంటివాళ్లవి ఎంతొస్తే అంత రాసుకోండి.

తర్వాత ఎవరు ఎక్కడ కూర్చుంటారో రాయండి. రోజూ బండి నడిపేది ఎవరు? వాళ్ల వెనక కూర్చునేది ఎవరు? మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ ఏ డోర్ లోంచి ఎక్కుతుంది? చంటిపిల్లకి చైల్డ్ సీటు పెడతారా? వెనక మధ్యలో ఎవరు సర్దుకోవాలి? ఆ మధ్య సీటు మనిషి ఎప్పుడూ ఫిర్యాదు చేయడు కాబట్టి ఎవరూ అతన్ని అడగరు. ఈసారి అడగండి.

ఏడాదిలో ఎన్నిసార్లు ఐదుగురికి మించి వెళ్తున్నారో నిజాయితీగా లెక్కేయండి. రెండు మూడు ప్రయాణాలే అయితే మూడో వరస కోసం పెద్ద బండి తీసుకోవద్దనే నా సలహా. ఆ రోజులకి ఒక ఇన్నోవా మాట్లాడుకోవచ్చు. మిగతా రోజులన్నీ గవర్నర్‌పేటలో పార్కింగ్ దొరక్క తిప్పలు పడాల్సిన పని ఉండదు. ఉమ్మడి కుటుంబమై, ప్రతి వారం ఆరుగురో ఏడుగురో కదిలేవాళ్ల సంగతి వేరు. వాళ్లు ఎస్‌యూవీలతో పాటు ఎర్టిగా, క్యారెన్స్ లాంటి బళ్లని కూడా అదే టేపుతో కొలవాలి. వాటి రూపం ఎస్‌యూవీలా ఉండకపోవచ్చు గానీ చోటు విషయంలో గట్టి పోటీ ఇస్తాయి.

3. బ్రోచర్లో అంకెలు చదవడం

షోరూంకి వెళ్లే ముందు ఇంట్లో కూర్చుని, అనుకున్న బళ్ల పొడవు, వీల్‌బేస్, వెడల్పు, ఎత్తు, డిక్కీ లీటర్లు ఒక పేజీలో రాయండి. మోడల్ మారినప్పుడల్లా ఈ అంకెలు మారుతుంటాయి. ఇక్కడ నేను వాడినవి ఉదాహరణ కోసమే, మీరు కొనే నెలలో కంపెనీ ఇచ్చే బ్రోచర్‌తోనే రాసుకోండి.

పొడవు దగ్గర మొదలెడదాం. బ్రెజా 3995, నెక్సాన్ 3995, ఎక్స్‌యూవీ 3ఎక్స్‌ఓ 3990. ఇన్ని బళ్లు నాలుగు మీటర్ల గీత దగ్గరే ఆగిపోవడానికి కారణం పన్ను. 2025 సెప్టెంబరు 22 నుంచి అమల్లోకి వచ్చిన జీఎస్టీ ప్రకారం నాలుగు మీటర్లు దాటకుండా, పెట్రోల్ ఇంజిన్ 1200 సీసీ లేదా డీజిల్ ఇంజిన్ 1500 సీసీ మించకుండా ఉంటే 18 శాతం, లేకపోతే 40 శాతం. బ్రెజా పొడవు గీత లోపలే ఉన్నా ఇంజిన్ 1462 సీసీ కాబట్టి 40 శాతంలోకే వస్తుంది. ఈ గుంపులో బళ్లని పొడవుతో పోల్చడం దండగ, అన్నీ ఒకటే.

వాటిని విడదీసేది వీల్‌బేస్, అంటే ముందు చక్రం ఇరుసు నుంచి వెనక చక్రం ఇరుసు దాకా ఉండే దూరం. మనుషులు కూర్చునేది చాలావరకు ఈ మధ్యలోనే. నెక్సాన్‌ది 2498, బ్రెజాది 2500, 3ఎక్స్‌ఓది 2600 మి.మీ. ఒకే పొడవులో పది సెంటీమీటర్ల తేడా! ఇప్పుడు 3ఎక్స్‌ఓ పక్కన క్రెటాని పెట్టి చూడండి. క్రెటా పొడవు 4330, అంటే 34 సెంటీమీటర్లు ఎక్కువ. వీల్‌బేస్ మాత్రం 2610, ఒక్క సెంటీమీటరే ఎక్కువ. మిగతా పొడవంతా ముక్కుకీ తోకకీ పోయింది. అందులో డిక్కీకి దక్కింది మంచి భాగమే, క్రెటా డిక్కీ 433 లీటర్లు.

ఎర్టిగా 4435 పొడవులో 2740 వీల్‌బేస్ ఇస్తుంది. ఎక్స్‌యూవీ 700 దానికన్నా 26 సెం.మీ. పొడవు, వీల్‌బేస్ 2750 మాత్రమే. హారియర్, సఫారీలు రెండింటికీ వీల్‌బేస్ ఒకటే, 2741. సఫారీ 63 మి.మీ. పొడవు, 77 మి.మీ. ఎత్తు ఎక్కువ. మూడో వరసకి దొరికిన అదనపు చోటు తోకలోంచీ రూఫ్‌లోంచీ వచ్చిందన్నమాట. క్రెటా నుంచి అల్కజార్‌కి వెళ్లేటప్పుడు మాత్రం వీల్‌బేస్‌నే 2610 నుంచి 2760కి పెంచారు. కాబట్టి ఐదుగురి బండి, ఏడుగురి బండి ఒకే కుటుంబం లోవైతే, ఆ రెంటి మధ్య తేడా ఎక్కడ పెరిగిందో మొదట చూడండి.

అలాగని వీల్‌బేస్ ఎక్కువున్న బండే గొప్పదని తీర్మానించొద్దు. డ్యాష్‌బోర్డు లోతు, ముందు సీటు వెనక భాగం మందం, పెట్రోల్ ట్యాంకు పెట్టిన చోటు, వెనక సీటుని ఎంత వెనక్కి బిగించారన్నది, ఇవన్నీ కలిసి లోపలి చోటుని నిర్ణయిస్తాయి. వీల్‌బేస్ చూసి ఆరు బళ్లని మూడుకి కుదించుకోవచ్చు. చివరి నిర్ణయం దాన్ని బట్టి తీసుకోకూడదు.

వెడల్పులో ఇంకో వింత ఉంది. బ్రెజా 1790, క్రెటా 1790. సెగ్మెంట్ మారినా బయటి వెడల్పు మారలేదు. పెద్ద సెగ్మెంట్‌కి వెళ్తే వెనక ముగ్గురు సుఖంగా కూర్చోవచ్చని అనుకునేవాళ్లు ఈ అంకె దగ్గర ఆగాలి. డోర్ల మందాన్ని బట్టి లోపల కొద్దిగా తేడా రావచ్చు, దాన్ని బ్రోచర్ చెప్పదు.

ఎత్తు మూడు ముక్కలు: నేల నుంచి బండి అడుగు దాకా గ్రౌండ్ క్లియరెన్స్, ఆ అడుగు నుంచి లోపలి ఫ్లోర్ దాకా మందం, ఫ్లోర్ నుంచి రూఫ్ దాకా మనకి దక్కేది. స్కార్పియో ఎన్, ఫార్చ్యూనర్ లాంటి బళ్లలో గట్టి ఛాసిస్ ఫ్రేమ్ మీద బాడీని కూర్చోబెడతారు. అందువల్ల ఫ్లోర్ పైకి లేస్తుంది, బయటి ఎత్తులో కొంత అక్కడే పోతుంది, ఎక్కడానికి కాలు ఎక్కువ ఎత్తాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగాక మన దగ్గర గ్రౌండ్ క్లియరెన్స్ గురించి జనం అడగడం అర్థం చేసుకోదగ్గదే. రోడ్డు మీద చేరే నీళ్లకీ గుంటలకీ అది పనికొస్తుంది. అంతటి వరదకి ఏ ఫ్యామిలీ బండీ ఆగదు. దాని కోసం పెద్దవాళ్లు ఎక్కలేని ఎత్తు బండి తీసుకోవద్దు.

పెట్రోల్ మోడల్ బాడీలోనే బ్యాటరీ పెట్టి చేసిన ఎలక్ట్రిక్ బండి అయితే వెనక ఫ్లోర్ కాస్త పైకి లేచి ఉండొచ్చు. అప్పుడు మోకాళ్లు పైకి వస్తాయి, తొడలు సీటుకి ఆనవు. పెట్రోల్ మోడల్‌లో కూర్చుని చూసి ఎలక్ట్రిక్‌ది బుక్ చేయొద్దు.

4. షోరూంలో: ముందు డ్రైవర్ సీటు, ఆ తర్వాతే మిగతావి

షోరూంలో నిలబెట్టిన బళ్లకి ముందు సీటుని బాగా ముందుకి జరిపి ఉంచడం మామూలే. మీరు వెనక డోర్ తీయగానే మైదానం కనిపిస్తుంది. లోపలికి వెళ్లగానే చేయాల్సింది ఒక్కటే. రోజూ నడిపే మనిషిని డ్రైవర్ సీటులో కూర్చోబెట్టి, క్లచ్ పూర్తిగా తొక్కేలా, స్టీరింగ్ చేతికి అందేలా సీటు సర్దుకోమనండి. ఎత్తు కూడా రోజూ పెట్టుకునేంతే పెట్టుకోవాలి. ప్రతి బండిలోనూ ఇదే మనిషి, ఇదే విధంగా. పోలిక అనేది ఇక్కడే మొదలవుతుంది. రెండు షోరూంలలో ఇద్దరు వేరే మనుషులు సీటు సర్దితే ఆ కొలతలు పోల్చడానికి పనికిరావు.

ఇప్పుడు వెనక సీటు వీపు భాగం నుంచి ముందు సీటు వెనక భాగం దాకా, మోకాలి ఎత్తులో టేపు పట్టండి. 68 సెం.మీ. వచ్చిందనుకుందాం. వెనక కూర్చునే మనిషి మోకాలి కొలత 58 అయితే పది సెంటీమీటర్ల ఖాళీ. పది ఉంటే నాలుగు గంటల ప్రయాణం సుఖంగా సాగుతుంది. ఐదుకి తగ్గితే ముందువాళ్లు సీటు వాల్చినప్పుడల్లా ఇబ్బందే. వెనక సీటు వాలే సౌకర్యం ఉంటే నిటారుగా పెట్టి ఒకసారి, వాల్చి ఒకసారి కొలవండి. సైరోస్ లాంటి బళ్లలో వెనక సీటే ముందుకీ వెనక్కీ జరుగుతుంది. అలాంటప్పుడు మోకాళ్ల చోటు పెరిగితే డిక్కీ తగ్గుతుంది. రెండూ ఒకేసారి ఎక్కువ కావు కాబట్టి, రెండు కొలతలూ సీటుని ఒకే చోట ఉంచి తీయాలి.

పాదాల చోటు వేరే లెక్క. ముందు సీటుని కిందికి దించి ఉంచితే వెనక వాళ్ల బూటు ముందు భాగం దాని కిందకి దూరదు. మోకాలికి చోటున్నా పాదం ముడుచుకోవాల్సి వస్తే గంటలోనే కాళ్లు లాగుతాయి. ఇది కూర్చుని చూస్తేనే తెలుస్తుంది.

తల ఎత్తుకి టేపుని సీటు మీద, మనిషి కూర్చునే చోట కాస్త నొక్కి పెట్టి రూఫ్ దాకా తీయండి. ఇంటి దగ్గర రాసుకున్న కూర్చున్న ఎత్తుని అందులోంచి తీసేయండి. తలకీ రూఫ్‌కీ మధ్య నాలుగు వేళ్లు పట్టాలి. పెద్ద సన్‌రూఫ్ ఉన్న వేరియంట్‌లో ఈ కొలత తగ్గడం మామూలు. ఎందుకంటే దాని ఫ్రేమూ, కర్టెనూ రూఫ్ కింద చోటు తీసుకుంటాయి. ఇంట్లో పొడవాటి వాళ్లుంటే సన్‌రూఫ్ లేని వేరియంట్‌లో కూడా కూర్చుని చూడండి. మే నెలలో 45 డిగ్రీల దాకా వెళ్లే మన ఊళ్లలో ఆ గాజు కప్పు లేకపోయినా నష్టమేం లేదని నా అభిప్రాయం.

వెడల్పుని వెనక సీట్లో భుజాల ఎత్తులో, ఒక డోర్ లోపలి అంచు నుంచి ఇంకో డోర్ లోపలి అంచు దాకా కొలవండి. ముగ్గురి భుజాల కొలతలు కూడి పోల్చండి. 45, 45, 42 అయితే 132. టేపు మీద 135 వచ్చిందంటే ముగ్గురూ రాసుకుంటూ కూర్చోవడమే. తర్వాత ముగ్గుర్నీ నిజంగానే ఎక్కించండి. మధ్యలో కూర్చున్నవాళ్లని నాలుగు విషయాలు అడగాలి. కింద ఫ్లోర్ మధ్యలో గడ్డలా లేచి ఉందా? సీటు మధ్య భాగం గట్టిగా, ఎత్తుగా ఉందా? ఏసీ వెంట్ల డబ్బా మోకాలికి తగులుతోందా? వాళ్లకి మూడు పాయింట్ల బెల్టు, హెడ్‌రెస్ట్ ఉన్నాయా? చివరిది సుఖానికి సంబంధించింది కాదు, ప్రాణానికి సంబంధించింది.

చైల్డ్ సీటు వాడేవాళ్లు సొంత సీటు పట్టుకెళ్లి ఐసోఫిక్స్ కొక్కేలకి (చైల్డ్ సీటు కోసమే వెనక సీటులో ఉండేవి) బిగించి చూడాలి. బిగించాక పక్కన ఇద్దరు పెద్దవాళ్లు పడతారన్న ఆశ చాలా బళ్లలో నెరవేరదు.

ఎక్కడం, దిగడం దగ్గర తొందరపడొద్దు. నేల నుంచి సీటు పై అంచు దాకా ఎత్తు కొలవండి. మన ఇంట్లో కుర్చీ సుమారు 45 సెం.మీ. ఉంటుంది. అంతకన్నా మరీ ఎత్తైతే పొట్టిగా ఉన్న పెద్దవాళ్లు ఎగిరి కూర్చోవాలి. మరీ తక్కువైతే లేవడానికి మోకాళ్ల మీద భారం పడుతుంది. నిలబడ్డ మనిషి తుంటి ఎత్తుకి కొంచెం కింద సీటు ఉంటే పక్కకి తిరిగి అలా కూర్చుండిపోవచ్చు. డోర్ ఎంత వెడల్పుగా తెరుచుకుంటుంది, వెనక చక్రం మీది ఒంపు కాలికి అడ్డమొస్తోందా, పట్టుకోవడానికి పైన హ్యాండిల్ ఉందా చూడండి. అమ్మమ్మని చీరతోనే ఎక్కి దిగమనండి, రెండు మూడుసార్లు. మొదటిసారి మొహమాటానికి బాగుందనే అంటుంది. మూడోసారి అసలు మాట వస్తుంది.

5. మూడో వరస

దీన్ని కొలిచే ముందు రెండో వరసలో వాళ్లని వాళ్లకి కావలసినట్టు కూర్చోబెట్టాలి. డ్రైవర్, అతని వెనక ఒకరు, ఆ వెనక ఒకరు, ముగ్గురూ ఒకేసారి సర్దుకుంటేనే అది ఏడుగురి బండి. రెండో వరసని పూర్తిగా ముందుకి తోసి మూడో వరసలో చోటు చూపించడం అమ్మేవాళ్ల పద్ధతి. దాన్ని ఒప్పుకోవద్దు.

మూడో వరసలో మోకాలి చోటు కన్నా ముఖ్యమైంది తొడల ఆధారం. సీటు నేలకి దగ్గరగా ఉంటే మోకాళ్లు గుండెల దాకా వస్తాయి. పిల్లలకి ఫర్వాలేదు, పెద్దవాళ్లకి కష్టం. తల వెనక భాగానికీ వెనక అద్దానికీ మధ్య ఎంత దూరముందో కూడా కొలవండి. వెనక నుంచి ఎవరైనా గుద్దితే మొదట నలిగేది ఆ ఖాళీయే.

అక్కడికి చేరడం ఇంకో పరీక్ష. రెండో వరస ఒక్క మీటతో మడత పడి ముందుకి దొర్లుతుందా, లేక కొంచెం జరిగి ఆగిపోతుందా? ఆరు సీట్ల వేరియంట్‌లో రెండు విడి సీట్ల మధ్య నడిచి వెళ్లొచ్చు, పెద్దవాళ్లకి అదే తేలిక. ఏడు సీట్ల బెంచీలో చిన్నపిల్లని మధ్యలో సర్దుకోవచ్చు. మా వైపు పెళ్లిళ్లకీ పేరంటాలకీ తిరిగే కుటుంబాలకి బెంచీయే బాగా ఉపయోగపడుతుందని నేను అనుకుంటాను. ఏసీ వెంట్లు మూడో వరసకి వేరుగా ఉన్నాయో లేదో అడగండి. ఎండాకాలంలో అవి లేని మూడో వరసలో కూర్చోబెట్టడం ఎవరికైనా శిక్షే.

6. డిక్కీ: లీటర్లు కొంత, టేపు కొంత, మీ సామాను చాలా

డిక్కీ లీటర్లని కొలిచే పద్ధతుల్లో బాగా వాడుకలో ఉన్నది జర్మనీ వాళ్ల వీడీఏ పద్ధతి. 20 × 10 × 5 సెంటీమీటర్ల దిమ్మలు, ఒక్కోటి ఒక లీటరు, డిక్కీలో పేర్చి ఎన్ని పట్టాయో లెక్కపెడతారు. అయితే పార్సెల్ ట్రే (డిక్కీ మీద కప్పే పలక) దాకా నింపితే ఒక అంకె, రూఫ్ దాకా నింపితే చాలా పెద్ద అంకె వస్తుంది. ఒక కంపెనీ ఏ ఎత్తుదాకా లెక్క చెప్పిందో బ్రోచర్లో స్పష్టంగా ఉండకపోవచ్చు. అందుకే రెండు కంపెనీల లీటర్లని నేరుగా పోల్చొద్దు. ఒకే కంపెనీ, ఒకే బండి వేరియంట్ల మధ్య మాత్రం లీటర్లు బాగా పనికొస్తాయి. గ్రాండ్ విటారా మామూలు పెట్రోల్‌లో 373 లీటర్లు, స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో (పెట్రోల్ ఇంజిన్‌తో పాటు బ్యాటరీ మోటారూ ఉండేది) 265. డిక్కీ అడుగున బ్యాటరీ చేరింది మరి. నెక్సాన్ పెట్రోల్‌లో 382, రెండు చిన్న సిలిండర్లు అడుగున పరిచిన సీఎన్‌జీలో 321. ఒకే పెద్ద సిలిండర్ నిలబెట్టే సీఎన్‌జీ బళ్లలో డిక్కీ దాదాపు మొత్తం పోతుంది. విజయవాడలో సీఎన్‌జీ బంకులున్నాయి కదా అని దానివైపు మొగ్గే కుటుంబాలు ఇది కళ్లారా చూసుకోవాలి.

ఏడుగురి బళ్లలో మూడో వరస లేపి ఉన్నప్పటి లీటర్లే అడగండి. ఎర్టిగాకి 209, క్యారెన్స్‌కి 216, అల్కజార్‌కి 180, ఇన్నోవా హైక్రాస్‌కి 300. పెద్ద ట్రాలీ సూట్‌కేసు ఒక్కటే 90 లీటర్ల దాకా ఉంటుంది. ఏడుగురూ వాళ్ల సామానూ తిరుపతికి ఒకే బండిలో అన్న ఆలోచన ఈ అంకెల దగ్గరే తేలిపోతుంది.

టేపుతో నాలుగు కొలతలు తీయండి: చక్రాల ఒంపుల మధ్య ఫ్లోర్ వెడల్పు, సీటు వెనక నుంచి డోర్ దాకా లోతు, పార్సెల్ ట్రే దాకా ఎత్తు, నేల నుంచి డిక్కీ అంచు దాకా ఎత్తు. చివరిదాన్ని ఎవరూ పట్టించుకోరు. 25 కిలోల బియ్యం బస్తాని నడుము దాకా ఎత్తి, అంచు దాటించి, మళ్లీ లోపలికి దించాల్సిన బండికీ, అంచూ ఫ్లోరూ సమంగా ఉన్న బండికీ నడుముకి తెలిసే తేడా చాలా ఉంటుంది. స్టెపినీ ఎక్కడుందో, డిక్కీ నిండా సామాను ఉన్నప్పుడు దాన్ని ఎలా తీస్తారో కూడా అడగండి.

ఆపైన ఇంట్లో మీరు నిజంగా వాడే రెండు సూట్‌కేసులూ ఒక సంచీ పట్టుకెళ్లి పెట్టి చూడండి. షోరూంలో ఎవరూ కాదనరు. ఏలూరో తెనాలో వెళ్లి ఆవకాయ జాడీలు, మామిడికాయల బుట్టలు తెచ్చుకునేవాళ్లు జాడీ ఎత్తు కూడా రాసుకెళ్లాలి. అది పార్సెల్ ట్రే కింద నిలబడాలి, పడుకోబెట్టే వస్తువు కాదు.

7. చోటుంది సరే, బరువు?

బండి మోయగల మొత్తం బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మనుషులకీ సామానుకీ మిగిలేది తెలుస్తుంది. ఈ రెండు అంకెలూ ఓనర్స్ మాన్యువల్‌లో, ఆర్సీలో దొరుకుతాయి. 65 కిలోల చొప్పున ఏడుగురంటే 455 కిలోలు. సామాను ఇంకో వంద. ఆ మిగులు దాటితే బ్రేకు ఆలస్యంగా పడుతుంది, టైర్లు వేడెక్కుతాయి, వెనక కుంగి గ్రౌండ్ క్లియరెన్స్ తగ్గుతుంది. పైన క్యారియర్ వేయించుకునే ముందు రూఫ్ మోయగల బరువు కూడా మాన్యువల్‌లో చూడాలి. నిండు బండికి టైర్లలో గాలి ఎంతుండాలో డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద రాసి ఉంటుంది.

8. టెస్ట్ డ్రైవ్‌ని మీ ఇంటికి తెప్పించుకోండి

షోరూం ముందు హైవే మీద ఒక చుట్టు తిప్పితే చోటు గురించి ఏమీ తెలియదు. బండిని ఇంటికి తెమ్మనండి, చాలావరకు ఒప్పుకుంటారు. సాయంత్రం వేళ మీ సందులోకి తిప్పించి, గేటులోంచి రివర్స్‌లో ఎక్కించి, పార్కింగ్‌లో నిలబెట్టి, డోర్లు నాలుగూ, డిక్కీ తెరిచి చూడండి. బ్రెజా తిరిగే వ్యాసార్థం 4.8 మీటర్లని రాసి ఉంటుంది. యూ టర్న్‌కి దాదాపు పది మీటర్ల రోడ్డు కావాలన్నమాట, బంపర్ అంచు దానికన్నా కాస్త బయటికే తిరుగుతుంది. మీ వీధి చివర మలుపు ఒక్క తిప్పులో పూర్తవుతుందా, వెనక్కి తీసుకుని మళ్లీ తిప్పాలా అన్నది అక్కడే తేలుతుంది.

వీలైతే మధ్యాహ్నం రెండింటికి, ఐదుగుర్నీ ఎక్కించుకుని, గుంటూరు, విజయవాడ మధ్య హైవే మీద ఒక వైపు దూరమైనా వెళ్లండి. సుమారు 35 కిలోమీటర్లు. ఈ ముప్పావు గంటలో వెనక మధ్యవాళ్లు అటూ ఇటూ కదలడం మొదలెడితే, హైదరాబాద్ దాకా 270 కిలోమీటర్లు ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. పెద్ద క్యాబిన్ చల్లబడటానికి ఎంతసేపు పడుతుందో కూడా ఎండలోనే చూడాలి.

9. లెక్క తేల్చడం

నోటుబుక్కులో ఒక్కో బండికి ఒక పేజీ ఉంటుంది కదా. మొత్తం మార్కులు కూడి ఎక్కువొచ్చిందాన్ని కొనే పద్ధతి నాకు నచ్చదు. డిక్కీలో వచ్చిన ఎక్కువ మార్కులు అమ్మమ్మ ఎక్కలేకపోవడాన్ని పూడ్చలేవు. ముందు "ఇది లేకపోతే కుదరదు" అనుకున్నవి రెండో మూడో గుర్తు పెట్టుకోండి. పార్కింగ్‌లో పట్టడం, పెద్దవాళ్లు ఎక్కగలగడం, డ్రైవర్ వెనక మనిషికి మోకాలి చోటు, ఇవి నా వరస. వీటిలో ఒక్కటి తప్పినా ఆ బండిని పక్కన పెట్టేయాలి. మిగిలిన రెండింటి మధ్య తేడా రెండు మూడు సెంటీమీటర్లైతే దాన్ని పట్టించుకోవద్దు, టేపు పట్టిన చేతిలోనే అంత తేడా వస్తుంది. అక్కడినుంచి ధర, సర్వీసు, మైలేజీ, నడిపేవాళ్ల ఇష్టం చూసుకోవచ్చు.

బుకింగ్ ఫారం మీద వేరియంట్ పేరు పూర్తిగా రాయించండి. బెంచీయా విడి సీట్లా, సన్‌రూఫ్ ఉందా లేదా, హైబ్రిడా మామూలుదా, వెనక సీటు వాలుతుందా, స్టెపినీ పూర్తి సైజుదా చిన్నదా, ఇవన్నీ వేరియంట్‌తో మారిపోతాయి, వాటితో పాటు మీరు కొలిచిన చోటూ మారుతుంది. రిజిస్ట్రేషన్‌కి ముందే బండిని స్టాక్‌యార్డులో చూపించమని అడిగి, అదే టేపుతో వెనక సీటు, డిక్కీ ఒకసారి సరిచూసుకుని అప్పుడు మిగతా డబ్బు కట్టండి.